పండగ అయ్యాక ఇది ఎక్కడికి పోతుంది?

(సంక్రాంతి సెలవులకు ముందు విజయనగరంలో తల్లిదండ్రులు, టీచర్లు, పిల్లల కోసం జరిగిన సభలో ఒక చేతిపనుల టీచరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలకి ఇంకొక నమస్కారం. ఈ సభ మీ కోసమే పెట్టారు. అర్థం కానిదేమైనా ఉంటే మధ్యలోనే చెయ్యెత్తి అడగండి.

ధనుర్మాసం వచ్చేస్తోంది. నెలగంట పెట్టగానే మన వాకిళ్లలో ముగ్గులు పెద్దవైపోతాయి. ఇంకో పక్క క్రిస్మస్ దగ్గర పడింది, ఇళ్ల ముందు నక్షత్రాలు వేలాడుతున్నాయి. తర్వాత భోగి, పెద్ద పండగ, కనుమ, ముక్కనుమ. ఈ నెలంతా పిల్లల చేతులకి పని కావాలి. బజారుకి వెళ్తే ఏం దొరుకుతుందో మీకు తెలుసు. థర్మోకోల్ షీట్లు, మెరుపు కాగితం, గ్లూ గన్, ప్లాస్టిక్ పూల దండలు, ఇవన్నీ కలిపి పెట్టెలో సర్దిన క్రాఫ్ట్ కిట్లు. కొంటాం, అతికిస్తాం, ఫోటో తీసి గ్రూపులో పెడతాం. జనవరి ఆఖరికల్లా అదంతా వీధి చివర చెత్తకుప్పలో కనిపిస్తుంది. థర్మోకోల్ ముక్కలైతే గాలికి లేచి కాలవల్లో పడి, అక్కడే ఉండిపోతాయి. అవి మట్టిలో కలిసేవి కావు. కాలిస్తే వచ్చే పొగ పిల్లలు పీల్చకూడనిది.

అందుకే మిమ్మల్ని ఒక మాట అడగాలని వచ్చాను. ఏ వస్తువు చేయబోయినా, కత్తెర పట్టుకోకముందే ఒక ప్రశ్న వేసుకోండి. పండగ అయ్యాక ఇది ఎక్కడికి పోతుంది? డిజైన్ అంటే రంగులు, ఆకారాలు అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో డిజైన్ మొదలయ్యేది ఈ ప్రశ్న దగ్గరే. మన పెద్దవాళ్లు ఈ కాలంలో చేసిన వస్తువులన్నీ ఒకసారి చూడండి. భోగి పిడక మంటలోకి పోతుంది. వరికంకుల కుచ్చు పిచ్చుకల కడుపులోకి పోతుంది. బియ్యప్పిండి ముగ్గు చీమలకి పోతుంది. గొబ్బెమ్మ ఎండి పిడకవుతుంది, దాన్ని దాచి రథసప్తమి నాడు పొయ్యిలో పెట్టి పరమాన్నం వండుతారు. ఒక్కటీ మిగిలిపోదు. దేనికి ఏ దారి ఉందో ముందే తెలిసి చేసిన పనులివి.

సరే, పనిలోకి వెళ్దాం. భోగి పిడకల దండతో మొదలుపెడతాను. అందరికీ తెలిసిందే కదా అని దీన్ని సరిగ్గా చెప్పేవాళ్లు తగ్గిపోయారు.

పేడ తాజాగా ఉండాలి. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు పాలు పోసే అతన్ని అడిగితే తెచ్చిపెడతాడు. మేతలో ఉండే గడ్డి పీచు పేడలో ఉంటే పిడక గట్టిగా నిలుస్తుంది, లేకపోతే కాస్త ఊక కలపండి. నీళ్లు మాత్రం పోయకండి. నీళ్లు ఎక్కువైతే ఎండేటప్పుడు పగుళ్లు వస్తాయి. ముద్ద చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా ఉంటే సరిపోతుంది. పాత గోనెసంచి పరిచి దాని మీద చిన్న చిన్న బిళ్లలుగా తట్టండి. మధ్యలో వేలితో చిల్లు పెట్టండి. ఈ చిల్లు దగ్గర పిల్లలు తరచుగా పొరపడతారు. ఎండాక పిడకతో పాటు చిల్లు కూడా బిగుసుకుపోతుంది, తాడు దూరదు. కాబట్టి కావలసిన దానికంటే పెద్దది పెట్టండి. గుండ్రంగానే ఉండాలని ఏమీ లేదు. చందమామ, నక్షత్రం, చేప, ఆకు, మీ పేరులో మొదటి అక్షరం, ఏదైనా చేయొచ్చు. సన్నటి మూలలు ఉంటే విరిగిపోతాయి, మూలలు మొద్దుగా ఉంచండి.

ఈ నెలలో తెల్లారి మంచు బాగా పడుతుంది. సాయంత్రం కాగానే పిడకల్ని వసారాలోకి తెచ్చుకోవాలి, పొద్దెక్కాక మళ్లీ ఎండలో పెట్టాలి. ఒక పక్క ఎండాక తిరగేయాలి. రోజూ గుర్తుపెట్టుకుని చేయవలసిన ఆ పని పిల్లలకే అప్పగించండి. బాగా ఎండాయని చెప్పడానికి గుర్తు ఒకటే, రెండు పిడకలు తట్టి చూస్తే టకటకమని శబ్దం వస్తుంది. అప్పుడు గోగునార తాడుకి గుచ్చండి. నైలాన్ తాడు వద్దు, దండ తాడుతో సహా మంటలో పడుతుంది కదా. చేతి మీద గాయం ఉన్న పిల్లలు పేడ ముట్టుకోకూడదు. మిగతావాళ్లు పని అయ్యాక సబ్బుతో గోళ్ల సందుల వరకూ కడుక్కోవాలి. ఇంతకంటే జాగ్రత్త అక్కర్లేదు. మొదటి రోజు ముక్కు మూసుకున్న పిల్లలే రెండో రోజుకి ఎవరి పిడక బాగుందని పోటీపడతారు. భోగి నాడు ఆ దండ మెడలో వేసుకుని మంట దగ్గరికి నడిచే పిల్ల ముఖం చూస్తే మీకే తెలుస్తుంది, కొన్న వస్తువు ఆ సంతోషం ఇవ్వలేదు.

మంట మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. భోగి మంటలో టైర్లు వేయకండి. ప్లాస్టిక్ కుర్చీలు, పాత సంచులు వేయకండి. పాతవి తగలబెట్టాలంటే కర్ర, తాటాకు, గడ్డి, పిడక. అంతవరకే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, వరికంకుల కుచ్చు. మన పక్క పల్లెల్లో కోతలప్పుడు మంచి కంకులు ఏరి, కుచ్చు అల్లి, గుళ్లోనూ ఇంటి చూరుకీ వేలాడదీసేవారు. పిచ్చుకలు వచ్చి వాలి తినేవి. ఇప్పుడు కుచ్చులు కనిపించడం తగ్గింది. పిచ్చుకలు తగ్గడానికి చాలా కారణాలున్నాయి, కుచ్చులు తగ్గడానికి ఒక కారణం నేరుగా కోత యంత్రమే. యంత్రం గింజని ట్రాక్టర్‌లో పోస్తుంది, గడ్డిని నలిపి వెనక పారేస్తుంది. కుచ్చు అల్లాలంటే పొడవాటి కాడతో సహా నిండు కంకి కావాలి. అందుకే రైతుతో ముందు రోజే మాట్లాడుకోవాలి. గట్టు వార ఉన్న నాలుగు గుప్పెళ్లు కొడవలితో కోసి ఇమ్మంటే ఎవరూ కాదనరు. ఈపాటికి కోతలు చాలావరకు అయిపోయాయి, కానీ కుప్ప నూర్చని కళ్లాలు ఇంకా ఉన్నాయి. మీ అమ్మమ్మ వాళ్ల ఊరికి ఫోన్ చేసి అడగండి.

కంకి మరీ పండిపోతే అల్లేటప్పుడే గింజలు రాలిపోతాయి. కాస్త పసిమి ఉండగా కోసినవి మేలు. నీడలో ఆరబెట్టాలి. అల్లే ముందు కాడల్ని నీళ్లలో నానబెట్టాలి, గింజల్ని కాదు. నానిన కాడ మెత్తబడి వంగుతుంది, ఎండుకాడ విరుగుతుంది. మొదట మూడు కాడలతో మామూలు జడ అల్లండి. ప్రతి మెలికకీ పక్క నుంచి ఒక కొత్త కంకి కలుపుతూ పోండి. కంకులన్నీ ఒకే వైపు వేలాడాలి. కొంచెం పొడవయ్యాక దాన్ని గుండ్రంగా వంచి, రెండు కొసలూ నారతో కడితే అంచు చుట్టూ బంగారు కుచ్చులున్న తోరణమవుతుంది. చేయి తిరిగినవాళ్లు దీన్నే దీపస్తంభంలా, గంటలా కూడా అల్లుతారు. పిల్లలకి వృత్తం చాలు. పిల్లి అందుకోని చోట, వాన పడని చోట కట్టండి. రంగు వేయకండి, స్ప్రే కొట్టకండి. తినేవాళ్లు వేరే ఉన్నారు.

చలిదేశాల్లో కూడా ఇలాంటి ఆలోచనే ఉంది. ఫిన్లాండ్‌లో రై అనే ధాన్యపు గడ్డి గొట్టాల్ని దారంతో గుచ్చి, కోణాలు కోణాలుగా కూర్చి, క్రిస్మస్‌కి భోజనాల బల్ల మీద వేలాడదీస్తారు. దాని పేరు హిమ్మెలి. వచ్చే ఏడు పంట బాగా పండాలని దాన్ని వేసవి నడిమి వరకూ ఉంచేవారు. స్వీడన్‌లో గ్యావ్లె అనే పట్టణంలో 1966 నుంచి ఏటా గడ్డితో పెద్ద మేకని కట్టి కూడలిలో నిలబెడుతున్నారు. పంట ఇంటికి చేరాక మిగిలిన గడ్డితో చేతులు ఏదో ఒకటి చేయాలనుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే.

క్రిస్మస్ నక్షత్రం గురించి. కొన్న నక్షత్రాలు ఇప్పుడు ప్లాస్టిక్‌వి వస్తున్నాయి. వెదురుతో చేసుకుంటే ఏడేళ్లయినా ఉంటుంది, ఏటా కాగితం మార్చుకుంటే చాలు. ఒకే పొడవున్న వెదురు బద్దలు పది తీసుకోండి. అయిదింటితో ఒక అయిదు కోణాల నక్షత్రం, మిగతా అయిదింటితో రెండోది. బద్దలు ఒకదాని మీంచి ఒకటి, కింద నుంచి ఒకటి వెళ్లేలా అల్లితే నక్షత్రం బిగుతుగా నిలుస్తుంది. రెండు నక్షత్రాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొసలూ గట్టిగా కట్టండి. ఇప్పుడు బద్దలు ఒకదాన్నొకటి దాటే లోపలి అయిదు చోట్ల, జానెడు లోపు చిన్న పుల్లల్ని రెండింటి మధ్య నిలబెట్టండి. అంతవరకూ బల్లపరుపుగా ఉన్నది ఒక్కసారిగా పొట్ట ఉబ్బి నిలబడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టేది అప్పుడే. మైదా జిగురుతో పలచటి రంగు కాగితం అతికించండి. ఒక కోణం తెరిచి ఉంచితే బల్బు పెట్టడానికి వీలుంటుంది. ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, వేడెక్కే పాత బల్బు కాగితానికి తగిలితే ప్రమాదం. వైర్ల పని పెద్దవాళ్లది.

ఇక్కడున్న లెక్కల మాస్టార్లకి ఒక సంగతి. జర్మనీలో నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ క్రైస్తవుల బడి ఉండేది. 1830ల్లో అక్కడి పిల్లలకి జామెట్రీ పాఠంలో భాగంగా కాగితంతో కోణాల నక్షత్రాలు చేయించారు. ఆ పాఠమే తర్వాత మొరేవియన్ స్టార్ అయ్యి, ఇవాళ ఎన్నో దేశాల్లో ఇళ్ల ముందు వెలుగుతోంది. మన దగ్గర ఆ పాఠం వాకిట్లోనే ఉంది. ఏడు చుక్కలు పెట్టి నాలుగు వచ్చే వరకూ సందు చుక్క ముగ్గు వేయమనండి. మొత్తం ఎన్ని చుక్కలో వేయకముందే చెప్పమనండి. 37 అని వేళ్ల మీద లెక్కేసి చెప్పే ఆడపిల్లలు మన పల్లెల్లో ఉన్నారు, వాళ్లకి లెక్కలు రావని పరీక్ష పేపర్లు చెప్తాయి. సెలవుల పనిగా ఆరు పేజీల ఎక్కాలు రాయించే బదులు నాలుగు చుక్కల ముగ్గులు గళ్ల కాగితం మీద వేయించండి. ఎక్కడ అద్దంలో లాగా తిరగబడుతోంది, ఎంత తిప్పితే మళ్లీ అదే బొమ్మ వస్తోంది అని అడగండి. ఈ విషయం మీద నాకు చాలా పట్టుదల ఉంది, క్షమించాలి, ఇంకా చెప్తే టైమ్ చాలదు.

ముగ్గు రంగులకి పసుపు, ఇటుక పొడి, ఊక బూడిద, ఎండబెట్టి నూరిన ఆకుల పొడి చాలు. మెరిసే రంగులంత కొట్టొచ్చినట్టు ఉండవు, నిజమే. నేల మీద కళ్లకి హాయిగా ఉంటాయి.

పసుపుతో ఇంకో పని ఉంది, గ్రీటింగ్ కార్డుల కోసం. మందపాటి తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టండి. వంటసోడా కాసిన్ని నీళ్లలో కలిపి, పుల్లకి దూది చుట్టి, దాంతో బొమ్మ వేయండి. గీసిన చోటల్లా ఎర్రగా మారుతుంది. మన పారాణిలో పసుపూ సున్నమూ కలిసి ఎర్రబడేది కూడా ఇందుకే, క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. తప్పు గీత పడిందా, నిమ్మరసం చుక్క అద్దండి, మళ్లీ పసుపైపోతుంది. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి చిన్నపిల్లలకి వంటసోడానే ఇవ్వండి. ఎండలో పెడితే ఈ రంగు వెలిసిపోతుంది, పుస్తకంలో దాచుకునే కార్డులకే బాగుంటుంది.

బొమ్మల కొలువు పెట్టేవాళ్లు కొందరు ఇక్కడున్నారు. కింద మెట్టు మీద పల్లెటూరు చేయడం పిల్లలకి ఇవ్వండి. వారం పది రోజుల ముందే పళ్లెంలో మట్టి పోసి ఆవాలో రాగులో చల్లితే పండగకి పచ్చటి పొలం సిద్ధం. ఇళ్లకి, బావికి, ఎడ్లబండికి కాగితం గుజ్జు వాడండి. పాత పేపర్లు రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీళ్లు పిండేసి, మెంతిపిండి కలపండి. మన నాయనమ్మలు వెదురు చేటలకీ బుట్టలకీ అలికిన గుజ్జు ఇదే. మెంతులు జిగురిస్తాయి, ఆ చేదుకి పురుగు కూడా దగ్గరికి రాదు. కొలువు ఎత్తేశాక పళ్లెంలో మొలకలు ఆవుకి, ఇళ్లు అటక మీదికి. వచ్చే ఏడు కొత్త రంగు వేస్తే కొత్త ఊరు.

తాటాకు మన దగ్గర లేని ఊరు లేదు. బొమ్మలు అల్లడానికి మొవ్వ ఆకు కావాలి, అది తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఒక చెట్టుకి ఒక్కటే తీయమని చెప్పండి, మొవ్వ పాడైతే చెట్టు దెబ్బతింటుంది. చిలక, చేప, బూర, తాటాకు బొమ్మల పెళ్లికి పెళ్లికూతురు, పెళ్లికొడుకు. ఇవి మాటల్లో చెప్తే రావు, కాసేపట్లో చేసి చూపిస్తాను. అలాగే గోగునారతో ఉట్టి. నెల్లిమర్ల జూట్ మిల్లు పక్కనే ఉన్నవాళ్లం, గోగు పండించిన జిల్లాలవాళ్లం, మొక్కల కుండీ వేలాడదీయడానికి ప్లాస్టిక్ గొలుసు కొంటున్నాం. ఉట్టి ముడి ఒక్కటి నేర్చుకుంటే చాలు.

మన చుట్టూ ఉన్న చేతిపనివాళ్ల దగ్గరికి ఈ సెలవుల్లో పిల్లల్ని ఒక్కసారైనా తీసుకెళ్లండి. పొందూరు వెళ్తే పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేయడం చూడొచ్చు. సన్నటి ఆ పళ్లు గింజ మీది పత్తిలో చెత్తని తీసేసి పోగుల్ని వరస చేస్తాయి. వందో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు వడికే చేతులకి ఆ పనిముట్టు ఏ ఫ్యాక్టరీ నుంచీ రాలేదు, ఒక చేప నుంచి వచ్చింది. పనిముట్టుని కూడా ప్రకృతిలోనే వెతుక్కోవచ్చని పిల్లలకి అక్కడ తెలుస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేస్తారు, బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలూ చేస్తారు. సరుబుజ్జిలి మండలం బుడితిలో ఇత్తడి, కంచు పని ఉంది. రెండు తరాలు వాడినా చెడని చెంబు పండగకి కొనడం కూడా నేను చెప్పే ప్రశ్నకి ఒక జవాబే. అది ఎక్కడికీ పోదు, మనవరాలి ఇంటికి పోతుంది.

సీతంపేట వైపు ఉండే సవర గిరిజనుల గోడ బొమ్మల గురించి ఒక మాట. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మలు వాళ్ల ఇంటి కొలుపులకీ మొక్కులకీ చెందినవి. ఇంటర్నెట్‌లో చూసి వాటిని కాపీ కొట్టి మగ్గుల మీదా కార్డుల మీదా వేయించకండి. నచ్చితే వాళ్లు వేసినవి వాళ్ల దగ్గరే ధర ఇచ్చి కొనండి. పిల్లలకి మాత్రం పద్ధతి నేర్పండి. ఎర్ర నేల, తెల్ల గీత, మీ ఇంట్లో వాళ్ల బొమ్మలు, మీ వీధి, మీ కుక్కపిల్ల.

అమ్మానాన్నలకి ఒక విన్నపం. పిల్లల పనిని మీరు పూర్తి చేయకండి. టీచర్‌గా నాకు వచ్చే హాలిడే ప్రాజెక్టుల్లో సగం చూడగానే తెలిసిపోతుంది, కత్తెర పట్టింది పెద్ద చెయ్యి అని. పిల్ల అతికించినది వంకరగా ఉంటే ఉండనివ్వండి. మార్కుల టెన్షన్ పెట్టే టీచర్లు కూడా ఇక్కడే ఉన్నారు, మీకూ ఇదే చెప్తున్నాను. ప్రాజెక్టుకి మార్కులు వేయాలంటే ఎంత అందంగా ఉందని కాదు, పండగ అయ్యాక దీన్ని ఏం చేశావని అడిగి వేయండి. ఆ ఒక్క ప్రశ్నతో థర్మోకోల్ దానంతటదే తగ్గుతుంది.

ఈ పనులు సంక్రాంతితో అయిపోవు. రథసప్తమి వరకూ ఉన్నాయి. గొబ్బెమ్మల పిడకలు జాగ్రత్త చేసుకోండి. ఆ రోజు అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్లేవాళ్లు వెళ్తారు, ఇంట్లో ఉన్నవాళ్లు తులసికోట దగ్గర ఎండలో ఆ పిడకల మీద పరమాన్నం వండుతారు. చిక్కుడుకాయలకి కొబ్బరి ఈనె పుల్లలు గుచ్చి రథం చేస్తారు. ఆ రథం పిల్లలతో చేయించండి. నాలుగు కాయలు, కొన్ని పుల్లలు. చక్రాలు నిలబడేలా గుచ్చడం చెప్పినంత తేలిక కాదు, గట్టి కాయలు ఏరుకోవాలి, లేత కాయ చీలిపోతుంది.

సరే, ఇక లేవండి. వెనక వరండాలో బల్లల మీద తాటాకు తడిపి పెట్టాం, వరికంకులు ఉన్నాయి, వెదురు బద్దలు చీల్చి ఉన్నాయి. వెదురు అంచు చేతికి కోసుకుంటుంది, పెద్దవాళ్లు ముందు గుడ్డతో రుద్ది ఇవ్వండి. పేడ పని చేసేవాళ్లు పెరట్లో కుళాయి పక్కకి రండి. చిన్నవాళ్లు ముందు, ఒకరి తర్వాత ఒకరు.